బ్రదర్‌హుడ్ ఆఫ్ ది వుల్ఫ్: ఏ వెర్షన్ చూడాలి, ఎవరికి వేరే సినిమా నయం

ఫ్రెంచ్ చారిత్రక సినిమా అనగానే విగ్గులు పెట్టుకున్న దొరలు, నింపాదిగా సాగే సంభాషణలు గుర్తొచ్చేవాళ్లకు ‘బ్రదర్‌హుడ్ ఆఫ్ ది వుల్ఫ్’ చూపిస్తే మొదట్లోనే ఆ అభిప్రాయం పోతుంది. జోరువానలో గుర్రాల మీద ఇద్దరు వస్తారు. దారిలో ఒక ముసలాయనను, ఒక పిల్లను కొడుతున్న గుంపు కనిపిస్తుంది. ఇద్దరిలో ఒకడు నోరు మెదపకుండా గుర్రం దిగుతాడు. అక్కణ్నుంచి జరిగేదంతా హాంకాంగ్ ఫైటు. బట్టలూ బురదా మాత్రం 1760ల ఫ్రాన్స్‌వి.

1760ల్లో ఫ్రాన్స్‌లోని జెవోదాన్ ప్రాంతంలో మనుషులను చంపుతూ తిరిగిన ఒక మృగం, దాని వేట ఈ సినిమా కథ. క్రిస్టఫ్ గాన్స్ తీసిన ఇది ‘లె పాక్ట్ దె లూ’ అనే అసలు పేరుతో 2001 జనవరి 31న ఫ్రాన్స్‌లో విడుదలైంది. ఆ దేశంలోనే 50 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. డొమినిక్ బోర్గ్‌కు ఉత్తమ దుస్తుల రూపకల్పనకు ఫ్రాన్స్ సినిమా అవార్డు సెజార్ కూడా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత చూడబోయేవాళ్లకు చిక్కల్లా ఇందులో రెండు కట్‌లు (ఎడిటింగ్ వెర్షన్లు), రెండు మూడు ఆడియోలు, రకరకాల ప్రింట్లు ఉండడం. తప్పు ప్రింటుతో మొదలుపెట్టి, చీకట్లో ఏమీ కనబడక, డబ్బింగ్ గొంతులు నప్పక సగంలో ఆపేసినవాళ్లు తక్కువేం కాదు.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే జవాబు: డైరెక్టర్స్ కట్, ఫ్రెంచ్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, 4కే రీస్టోరేషన్ నుంచి తయారైన ప్రింటు. ఇంట్లో పిల్లలతో కూర్చుని చూడాలంటే ఇది అసలు వద్దు, ‘అడెల్ బ్లాంక్ సెక్’ పెట్టుకోండి. గంటన్నరలో ముగిసే చీకటి మిస్టరీ కావాలంటే ‘విదోక్’. మాయలు అక్కర్లేదు, కత్తియుద్ధాలు చాలనుకుంటే 2023లో రెండు భాగాలుగా వచ్చిన ‘త్రీ మస్కెటీర్స్’.

ముందు ఒప్పుకోవాల్సిన సంగతి

ఈ సినిమా ఏదో ఒకే కోవకు చెందింది కాదు. హారర్ అనుకుని కూర్చుంటే మధ్యలో ప్రేమకథ, విందులు వస్తాయి. చరిత్ర అనుకుంటే కుంగ్‌ఫూ వస్తుంది. కుంగ్‌ఫూ కోసమే వస్తే, రెండు ఫైట్ల మధ్య నలభై నిమిషాలు రాజకీయం నడుస్తుంది. గాన్స్ హాంకాంగ్ సినిమాలంటే పడిచచ్చే మనిషి. దర్శకుడు కాకముందు ‘స్టార్‌ఫిక్స్’ అనే సినిమా పత్రిక పెట్టినవాళ్లలో ఒకడు. అందుకే ఫైట్లకు హాంకాంగ్ స్టూడియో షా బ్రదర్స్ వారి కుంగ్‌ఫూ సినిమాల్లో నటించిన ఫిలిప్ క్వోక్‌ను, ఎడిటింగ్‌కు హాంకాంగ్ నుంచే డేవిడ్ వూను తెచ్చుకున్నాడు. కెమెరా డాన్ లౌస్ట్‌సెన్, తర్వాత ‘జాన్ విక్’ రెండో భాగం నుంచి నాలుగో భాగం దాకా తీసింది ఆయనే. మృగాన్ని తయారుచేసింది జిమ్ హెన్సన్స్ క్రీచర్ షాప్. ఇంతమంది రుచులు ఒకే గిన్నెలో పడ్డాయి. నచ్చేవాళ్లకు అందుకే నచ్చుతుంది, నచ్చనివాళ్లకూ అందుకే నచ్చదు.

మృగం గురించి కూడా ముందే చెప్పాలి. దగ్గరి షాట్లలో కనిపించే యాంత్రిక బొమ్మ ఇప్పటికీ నిలబడుతుంది. దూరపు షాట్లలో పరిగెత్తే, కంప్యూటర్‌తో చేసిన (సీజీ) మృగం మాత్రం 2001 నాటిదని తెలిసిపోతుంది. గాన్స్‌కూ ఆ సంగతి తెలిసినట్టే ఉంది, చాలాసేపు దాన్ని చూపించకుండా దాని వల్ల జరిగేదే చూపిస్తాడు. సినిమాలో భయం పుట్టేది ఆ భాగంలోనే. మృగం పూర్తిగా బయటపడ్డాక భయం తగ్గి యాక్షన్ పెరుగుతుంది.

చరిత్ర ఎంత, కల్పన ఎంత

ఇది తెలిస్తే సినిమా రుచి రెట్టింపవుతుంది కాబట్టి కొంచెం ఎక్కువే చెప్పుకుందాం. జెవోదాన్ అనేది దక్షిణ ఫ్రాన్స్‌లోని పాత ప్రాంతం, ఇప్పుడు ఎక్కువ భాగం లోజేర్ జిల్లాలో ఉంది. 1764 జూన్ 30న 14 ఏళ్ల జాన్ బూలే అనే అమ్మాయి చనిపోవడం అధికారికంగా నమోదైన మొదటి మరణం. అక్కణ్నుంచి మూడేళ్లలో దాదాపు వంద మంది చనిపోయారు. ఎక్కువమంది పశువులు కాసే ఆడవాళ్లు, పిల్లలు. కెప్టెన్ దుహమెల్ తన గుర్రపు సైనికులతో గాలించి విఫలమయ్యాడు. మృగాన్ని రప్పించడానికి సైనికులకు ఆడవేషాలు వేయించిన మాట నిజమే. మొదటి ఫైట్లో కొందరు పావడాలతో ఎందుకు ఉన్నారా అని ఆశ్చర్యపోయేవాళ్లకు సమాధానం అదే. ఆ తర్వాత 15వ లూయీ తన తుపాకీధారి ఫ్రాన్స్వా ఆంత్వాన్‌ను పంపాడు. ఆయన 1765 సెప్టెంబరులో ఒక పెద్ద తోడేలును చంపి, గడ్డి కూరి, వెర్సాయ్ దర్బారుకు పంపించాడు. సమస్య తీరిపోయిందని ప్రకటించారు. డిసెంబరులో దాడులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి దర్బారు పట్టించుకోలేదు. చివరికి 1767 జూన్ 19న స్థానిక దొర ద’అప్షే ఏర్పాటు చేసిన వేటలో జాన్ షాస్తెల్ అనే పల్లెటూరి మనిషి కాల్చిన మృగంతో దాడులు ఆగిపోయాయి.

సినిమాలో దుహమెల్, బోతెర్న్ పేరుతో ఆంత్వాన్, షాస్తెల్, ద’అప్షే అందరూ ఉన్నారు. కథానాయకుడు ఫ్రోన్సాక్ (సామ్యుయెల్ లె బియాన్), ఉత్తర అమెరికా ఆదివాసీ తెగ మోహాక్‌కు చెందిన అతని మిత్రుడు మాని (మార్క్ డకాస్కోస్), పేరులో ఉన్న ఆ రహస్య సంఘం కల్పన. కానీ తెలివైన కల్పన. దర్బారు తన పరువు కోసం ఒక చచ్చిన తోడేలుతో సరిపెట్టేసుకోవడం చరిత్రలో ఉన్నదే, సినిమా ఆ ఒక్క సంఘటనను పట్టుకుని కుట్ర కథ అల్లింది. మాని కూడా గాల్లోంచి ఊడిపడలేదు. 1763 పారిస్ ఒప్పందంతో ఫ్రాన్స్ కెనడాను కోల్పోయింది, ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి వెంట అక్కడి మిత్రుడు రావడం నమ్మదగ్గదే. అతను కుంగ్‌ఫూ ఎక్కడ నేర్చాడని మాత్రం అడగకండి.

మన జానపద సినిమాల్లో మాంత్రికుడి మాయ మాయే, దానికి వివరణ ఉండదు. ఈ సినిమాల్లో ఒకటి ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి: మాయ నిజమా, దానికి వివరణ ఉంటుందా? ‘బ్రదర్‌హుడ్’లో భయపెట్టిన చాలా సంగతులకు చివరికి మనుషుల వైపు నుంచి కారణం దొరుకుతుంది, మాని చుట్టూ ఉన్న కొద్దిపాటి మాయ మాత్రం అలాగే మిగులుతుంది. ‘విదోక్’లో మాయ నిజం. ‘అడెల్’లో మాయ నిజమే కాదు, జోకు కూడా.

థియేటర్ కట్, డైరెక్టర్స్ కట్

థియేటర్ కట్ సుమారు 143 నిమిషాలు, డైరెక్టర్స్ కట్ సుమారు 151. తేడా ఎనిమిది నిమిషాలే. కథ మారదు, ముగింపు మారదు. సీన్లకు ఊపిరి పెరుగుతుంది. మొదటిసారి చూసేవాళ్లకు డైరెక్టర్స్ కట్‌నే ఎందుకు చెప్తున్నామంటే, ఈ సినిమాకు నిడివి కన్నా పాత్రల రద్దీ పెద్ద ఇబ్బంది. మనుషుల మధ్య సంబంధాలకు అదనంగా దొరికే ప్రతి నిమిషమూ పనికొస్తుంది. ఇప్పటికే ఒకసారి థియేటర్ కట్ చూసి నచ్చనివాళ్లు ఈ ఎనిమిది నిమిషాల కోసం మళ్లీ కొనక్కర్లేదు, అభిప్రాయం మారదు.

నిడివి చూసి ఏ కట్టో చెప్పేయొచ్చనుకుంటే ఒక ఉచ్చు ఉంది. యూరప్ టీవీ పద్ధతి అయిన పాల్‌లో తయారైన డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములతో నడుపుతారు. దాంతో సినిమా నాలుగు శాతం పొట్టిదవుతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడొచ్చు. 151 నిమిషాల డైరెక్టర్స్ కట్ పాల్ డీవీడీలో దాదాపు 145 నిమిషాలే ఆడుతుంది. అంటే అమెరికా డిస్కు మీది 143 నిమిషాల థియేటర్ కట్‌కూ దీనికీ అంకెల్లో పెద్ద తేడా కనిపించదు. థియేటర్ కట్ పాల్‌లో 137 దగ్గర ఆగుతుంది, అది చూసి “కత్తిరించేశారు” అని గోల చేసేవాళ్లూ ఉన్నారు. బ్లూరేలో, 4కేలో, స్ట్రీమింగ్‌లో సాధారణంగా అసలు వేగమే ఉంటుంది కాబట్టి అక్కడ నిడివిని నమ్మొచ్చు. డబ్బు కట్టేముందు 150 దాటిందో లేదో చూసుకోండి.

ఫ్రెంచ్ ఆడియోనా, ఇంగ్లిష్ డబ్బింగా

ఫ్రెంచే. కారణం సంస్కృతి గౌరవం లాంటి పెద్ద మాటేమీ కాదు. కథ చెప్పే వృద్ధుడి గొంతు (జాక్ పెరాన్), వాన్సాన్ కసెల్ మాటల్లోని వెటకారం, మోనికా బెలూచి నెమ్మదిగా విసిరే వాక్యాలు, ఇవన్నీ డబ్బింగ్‌లో చదునైపోతాయి. విందు సీన్లలో ఒకరినొకరు మర్యాదగా పొడుచుకోవడమే అసలు వినోదం, అది గొంతులో ఉంటుంది. ఫైట్ల కోసం మాత్రమే రెండోసారి చూసేవాళ్లు, సబ్‌టైటిల్స్ చదువుతూ బొమ్మను వదిలేసేవాళ్లు డబ్బింగ్ పెట్టుకోవచ్చు, తప్పేం లేదు.

సబ్‌టైటిల్స్‌తో చూసేవాళ్లు తడబడేది మొదటి అరగంటలో పేర్ల దగ్గర. వీళ్లను గుర్తుపెట్టుకుంటే చాలు: వచ్చిన ఇద్దరు ఫ్రోన్సాక్, మాని. వాళ్లకు తోడుండే కుర్ర దొర తోమా ద’అప్షే. మొరాంజియాస్ ఇంటి అమ్మాయి మరియాన్ (ఎమిలీ దెకెన్), ఆఫ్రికాలో ఒక చెయ్యి పాడైన ఆమె అన్న జాన్-ఫ్రాన్స్వా (కసెల్). పాదిరీ సార్దిస్. వేశ్యాగృహంలో సిల్వియా (బెలూచి). విగ్గుల్లో ఉన్న మిగతావాళ్లను కలగలిపేసుకున్నా నష్టం లేదు.

సబ్‌టైటిల్ ఫైలు విడిగా తెచ్చుకుంటే రెండు రకాల తప్పులు వస్తాయి, రెంటికీ మందు వేరు. మాట ముందు సరిగ్గా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా జరిగిపోతే అది ఫ్రేము వేగం తేడా. పది నిమిషాలకు సుమారు 25 సెకన్లు జరిగిందంటే పాల్ ఫైలే. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ లాంటి ఉచిత ప్రోగ్రాంలో ఫ్రేము రేటును 25 నుంచి 23.976కి మార్చి సేవ్ చేస్తే సరిపోతుంది. అలా కాక, కొంతసేపు అంతా బాగుండి ఒక సీన్ తర్వాత ఉన్నట్టుండి అరనిమిషమో నిమిషమో తేడా వచ్చి అలాగే నిలిచిపోతే, ఒక కట్ ఫైలును ఇంకో కట్ మీద పెట్టారన్నమాట. వీఎల్‌సీ ప్లేయర్లో జీ, హెచ్ కీలతో అప్పటికి సర్దుకోవచ్చు గానీ తర్వాతి అదనపు సీన్ దగ్గర మళ్లీ తప్పుతుంది. సరైన కట్ ఫైలు వెతుక్కోవడమే మేలు.

డిస్కు, టీవీ

2022లో ఈ సినిమాను 4కేలో రీస్టోర్ చేశారు, అంటే పాత ఫిల్మును శుభ్రం చేసి కొత్త ప్రింటు తయారుచేశారు. పాత డీవీడీతో పోలిస్తే తేడా ఎక్కువ తెలిసేది రాత్రి సీన్లలో, పొగమంచులో. డీవీడీలో నల్లగా ముద్దగా కనిపించే అడవి ఇందులో చెట్లుగా విడిపోతుంది.

ఇండియాలో ఉన్నవాళ్లు డిస్కు తెప్పించుకునేటప్పుడు రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో చెప్పే కోడ్) చూసుకోవాలి. బ్లూరేకు మన దేశం సి, అమెరికా ఎ, బ్రిటన్, యూరప్, గల్ఫ్, ఆస్ట్రేలియా బి. డీవీడీకి మనది 5. డల్లాస్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన బ్లూరే ఇక్కడి ప్లేయర్లో ఆడకపోతే డిస్కు చెడిందని కాదు, రీజియన్ తాళం పడిందని. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ తాళం లేదు, కాబట్టి దూరదేశం నుంచి తెప్పించుకోవడానికి అదే నిశ్చింత. కానీ అదే పెట్టెలో జతగా వచ్చే మామూలు బ్లూరేకు తాళం ఉండొచ్చు. అల్ట్రా హెచ్‌డీ డిస్కును డిస్కు డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ చదువుతాయి. ప్లేస్టేషన్ 4 ఏ మోడలూ చదవదు.

టీవీలో రెండే మార్పులు. మోషన్ స్మూతింగ్ ఆపేయండి (ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో). గాన్స్ ఫైట్లలో వేగాన్ని కావాలనే తగ్గించి పెంచుతాడు, టీవీ మధ్యలో తన ఫ్రేములు దూరిస్తే ఆ దెబ్బల బరువు పోయి సీరియల్లా కనిపిస్తుంది. రెండోది, గదిలో లైట్లు తీసేయండి. పట్టపగలు కిటికీ తెరిచి చూస్తే సగం సినిమా చీకటే. మాటలు గుసగుసలుగా, వాన హోరుగా వినిపిస్తుంటే టీవీ స్పీకర్లు చుట్టూ ఆరు స్పీకర్ల కోసం చేసిన 5.1 ధ్వనిని రెండింటిలో ఇరికిస్తున్నాయని అర్థం. ఆడియోలో స్టీరియో ట్రాక్ ఎంచుకోండి, లేదా నైట్ మోడ్ పెట్టండి.

రెండున్నర గంటలు ఒక్క ఊపున కూర్చోలేనివాళ్లకు మంచి ఇంటర్వెల్ ఉంది. ఫ్రోన్సాక్ పని ముగిసిందనిపించుకుని పారిస్ వెళ్లే చోట ఆపండి. మొదటిసారి చూసేవాళ్లు సినిమా అయిపోయిందనుకునేది కూడా అక్కడే. అసలు దెబ్బలు ఆ తర్వాతే. ముక్కలు ముక్కలుగా విడిపోయి కొరడాలా సాగే కత్తి చివర్లో వస్తుంది, దాన్ని మిస్సవడం అన్యాయం.

ఒక హెచ్చరిక. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్. రక్తం, నగ్నత్వం సరే, చివరి భాగంలో ఇంట్లోనే జరిగే లైంగిక హింస సీను ఉంది. కసెల్, బెలూచి పేర్లు చూసి కుటుంబంతో పెట్టుకోకండి.

దీని బదులు

‘విదోక్’ అదే 2001 సెప్టెంబరులో వచ్చింది. దొంగగా మొదలై పోలీసు అయిన నిజ మనిషి విదోక్ (1775–1857) పేరు మీద పితోఫ్ అల్లిన కల్పన. 1830 పారిస్, తిరుగుబాటు రాజుకుంటున్న వీధులు, అద్దం ముసుగు వేసుకున్న హంతకుడు. జెరార్ దెపార్ద్యూ హీరో. నిడివి 98 నిమిషాలు. పూర్తిగా డిజిటల్ హెచ్‌డీ కెమెరాతో తీసిన తొలి పెద్ద సినిమాల్లో ఇదొకటి, సోనీ ఎఫ్900 వాడారు. కొనేవాళ్లకు దీనివల్ల ఒక లాభం: తీసిందే హెచ్‌డీలో కాబట్టి మంచి బ్లూరే చాలు, 4కే పేరుతో ఎక్కువ డబ్బు పెట్టినా కొత్త వివరాలు రావు. నష్టమూ అక్కడే ఉంది. మొహం మీద మొహం పెట్టినంత దగ్గరి షాట్లు, పసుపూ ఎరుపూ దట్టించిన రంగులు, ఆగని ఎడిటింగ్. పెద్ద తెర మీద దగ్గరగా కూర్చుంటే తల తిరుగుతుంది. ఫైట్లలో ‘బ్రదర్‌హుడ్’ ఎదుట ఇది నిలవదు, చివరి మలుపులో మాత్రం గట్టిది. దాని గురించి ముందే ఏమీ చదవొద్దు. అదే విదోక్ కథ మాయ లేకుండా కావాలంటే కసెల్ నటించిన 2018 ‘ఎంపరర్ ఆఫ్ పారిస్’ ఉంది.

‘అడెల్ బ్లాంక్ సెక్’ (2010) లుక్ బెసాన్ తీసింది, జాక్ తార్దీ కామిక్స్ ఆధారం. 1911 పారిస్ మ్యూజియంలో గుడ్డు పగిలి టెరోడాక్టిల్ (డైనోసార్ల కాలం నాటి ఎగిరే జంతువు) బయటికొస్తుంది, ఈజిప్టు మమ్మీ లేచి మర్యాదగా మాట్లాడుతుంది, నవలలు రాసే అడెల్ (లూయీజ్ బుర్గ్వాన్) ఎవర్నీ లెక్కచెయ్యదు. 107 నిమిషాలు. పదేళ్లు దాటిన పిల్లలతో చూడొచ్చు. స్నానాల తొట్టి సీను ఒకటి ఉంది, రిమోట్ చేతిలో ఉంచుకుంటే చాలు. యాక్షన్ కోసం వచ్చేవాళ్లకు ఇది తేలిపోతుంది, హాస్యం కోసం వచ్చేవాళ్లకు కాదు.

గాన్స్ చేతి మాయే కావాలనుకునేవాళ్లకు 2014లో కసెల్, లేయా సెదూలతో ఆయన తీసిన ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ అందంగా ఉంటుంది. ఫైట్లు మాత్రం ఆశించొద్దు.

ఇక ‘త్రీ మస్కెటీర్స్’. మార్టిన్ బూర్బులాన్ 2023లో ఏప్రిల్‌లో ‘ద’ఆర్తన్యాన్’, డిసెంబరులో ‘మిలేడీ’ విడుదల చేశాడు. ఇందులోనూ కసెలే, ఈసారి అథోస్‌గా. మాయ చుక్క లేదు. కెమెరా మనుషుల మధ్య దూరి, కట్ చేయకుండా పొడుగ్గా తిరిగే కత్తియుద్ధాలు ‘బ్రదర్‌హుడ్’ ఫైట్లకు సరిగ్గా ఎదురు పద్ధతి. అక్కడ ప్రతి దెబ్బా విడిగా అలంకరించినట్టుంటే, ఇక్కడ తొక్కిసలాటలో ఇరుక్కున్నట్టుంటుంది. మొదటి భాగం కథ మధ్యలో తెగిపోతుంది కాబట్టి, రెండోది కూడా చేతికందాకే మొదలుపెట్టండి.